దేముడమ్మ బంతిలో కూచుంటే

విందు భోజనానికి వెళ్ళి తగువు పెట్టుకోకుండా మా మామ్మ తిరిగొచ్చిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. దాని సంగతి తర్వాత చెబుతాను. మిగతా అన్నిచోట్లా, పెళ్ళి అనండి, గృహప్రవేశం అనండి, అన్నప్రాశన అనండి, ఆఖరికి ఎవరో పోతే పెట్టే పెద్దకర్మ భోజనం అనండి, మా మామ్మ దేముడమ్మ బంతిలో కూచుందంటే తగువు ఖాయం. పురోహితుడు మంత్రం మరిచిపోవచ్చు, పెళ్ళికొడుకు ఉంగరం మరిచిపోవచ్చు, మామ్మ మాత్రం తగువు మరిచిపోయేది కాదు.

తమాషా ఏమిటంటే, ఇంట్లో ఆవిడంత సులువైన మనిషి ఉండదు. అమ్మ ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పప్పు కూడా "బాగున్నాదే" అని కలుపుకుని తినేది. కూర మాడితే గిన్నె అడుగు గీకించుకుని మరీ వేయించుకునేది. చద్దన్నంలోకి ఓ ఉల్లిపాయ ఇస్తే చాలు, ఆ పూట ఇంకేమీ అడిగేది కాదు. అదే మనిషి పక్కింటి వాకిట్లో షామియానా కింద కూచోగానే మారిపోయేది. మజ్జిగ పలచన, అప్పడం వంకర, వడ్డించేవాడి చూపు బాగాలేదు, ఇలా ఏదో ఒకటి దొరకాల్సిందే.

మనిషి చూడ్డానికి పిడికెడంతే. ముక్కుకి రెండుపక్కలా పుడకలు, భుజం మీద ఎప్పుడూ ఓ పాత తువ్వాలు. గొంతు మాత్రం జూట్ మిల్లు సైరన్. మా ఊరు నెల్లిమర్లని ఆనుకునే ఉంటుంది. మిల్లు సైరన్ మోగినా, మామ్మ గొంతెత్తినా మా వీధివాళ్ళు గడియారాలు సరిచేసుకునేవాళ్ళని నాన్న అంటుండేవాడు.

తగువుకి ఆవిడకో పద్ధతి ఉండేది. విందు ఇంటికి వెళ్ళగానే ముందు పెరట్లోకి నడిచేది. గాడిపొయ్యి చుట్టూ ఓసారి తిరిగి, గుండిగల మూతలు ఎత్తి చూసి, వంట చేసే ఎల్లాజీ తాతతో ఏదో గొణిగి వచ్చేది. మా చుట్టాలందరి ఇళ్ళల్లోనూ వంట ఎల్లాజీ తాతదే. "అదుగో, తప్పులు ఏరుకుని వస్తంది" అనేవాడు నాన్న. మొదటి బంతిలో కూచోమంటే ససేమిరా ఒప్పుకునేది కాదు. "ముందు గుంటపిల్లల్నీ, ముసిలోళ్ళనీ తిననీండి" అనేది, తనేదో పడుచుపిల్ల అయినట్టు. రెండో బంతి ఆవిడ సొంతం.

మా నాన్న నరసింగరావు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నిండిపోయిన బస్సులో, మేకపిల్లతో ఎక్కినవాడితో, తప్పతాగి ఎక్కినవాడితో ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిన మనిషి. కానీ బంతిలో మామ్మ లేచి నిలబడిందంటే మాత్రం తన చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కునేవాడు. ఇక మా అమ్మ పద్మకుమారి గొంతు పెంచి ఎరగదు. వీధిలో పోతున్న కూరగాయల బండిని అమ్మ పిలిస్తే, ఆ పిలుపు బండి పక్కవీధి చేరాక వినబడేది. పెళ్ళయి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే, ఏదో గొణిగి, అదే పేరని బుకాయించి లోపలికి వచ్చేసిందట. అలాంటి అత్తకి ఇలాంటి కోడలు.

నాకు గుర్తున్న మొదటి పెద్ద తగువు నెల్లిమర్లలో జరిగింది. మిల్లులో పనిచేసే సోములు మావ కూతురి పెళ్ళి. రెండో బంతికి ఎదురెదురుగా రెండు వరసలు కూచున్నారు. అరిటాకులు వేశారు, నీళ్ళు చల్లుకున్నాం. మామ్మ తన ఆకు వైపు చూసి లేచి నిలబడింది.

"ఆగండ్రా! ఎవులేసినారీ ఆకులు?"

వడ్డించేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. సోములు మావ పరుగెత్తుకొచ్చాడు. "ఏటైనాది అత్తా?"

"ఆకు కొస ఏ సేతికుండాల? ఎడం సేతికుండాల. ఇది కుడిసేతికి సూస్తంది. ఇదేటి, పెళ్ళనుకున్నావా, తద్దినమనుకున్నావా?"

"నీ ఆకు తిప్పమంటానులే అత్తా."

"నా ఒక్కదానికేనేటి శుభం? బంతిలో మిగతావోళ్ళకి ఒద్దేటి?"

చూస్తే మా వరస మొత్తానికి కొస కుడివైపే ఉంది. ఎదురు వరసలో వాళ్ళకి మాత్రం సరిగ్గా ఎడమవైపు ఉంది. అయితే ఆ వరసని ఇటూ, ఈ వరసని అటూ మార్చమంది మామ్మ. అందరం లేచాం. చీరలు సర్దుకుంటూ, పిల్లల్ని వెతుక్కుంటూ అటువాళ్ళం ఇటు, ఇటువాళ్ళం అటు కూచున్నాం. కూచున్నాక ఇప్పుడు వాళ్ళకి తప్పయింది. "మరి ఆళ్ళేటి పాపం సేసినారు?" అని మామ్మ మళ్ళీ లేచింది. ఆకులన్నీ తీయించి, కడిగించి, తుడిపించి, ఒక్కొక్క ఆకూ తనే దగ్గరుండి వేయించింది. పెళ్ళికొడుకు వైపు పెద్దమనిషి ఒకాయన "ఇంత ఆచారం మా ఊర్లో కూడా లేదండీ" అని దణ్ణం పెట్టాడు. ఇంతలో పెరటి గుమ్మంలో ఎల్లాజీ తాత తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ కనబడ్డాడు. మామ్మ కుళాయి కట్టేసినట్టు ఆపేసి కూచుంది. "సర్లే, ఎయ్యండి, పొద్దుపోతంది" అంది. అన్నం వచ్చింది. పొగలు కక్కుతున్న అన్నంలో పప్పు కలుపుకుంటూ నా చెవిలో, "సోములు కూతురు బాగున్నాది కదే" అని మురిసిపోయింది. ఎవరితో ఏ గొడవా లేనట్టు తిన్నది.

శ్రీముఖలింగంలో సుభద్రమ్మగారి మనవడికి గుళ్ళో అన్నప్రాశన చేసి, వంశధార ఒడ్డున మామిడితోటలో భోజనాలు పెట్టారు. అక్కడ ఆకులు సరిగ్గానే వేశారు. మామ్మ వాటి జోలికి పోకుండా పక్కన కూచున్న మనిషిని పట్టుకుంది. ఆయన సుభద్రమ్మగారి అన్న పోతురాజు. ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు, తెల్లటి మీసాలు, ఎవరితో పడితే వాళ్ళతో మాట్లాడే రకం కాదు.

"నువ్వు నాకేటవుతావు?" అంది మామ్మ.

"తమ్ముణ్ణవుతాను గావాల అప్పా" అన్నాడాయన మర్యాదగా.

"గావాలంటే ఎలగ? మీ అమ్మ మా పెద్దమావ తోడల్లుడి సెల్లెలు. అలగైతే నువ్వు నాకు బావవి. బావని పట్టుకుని తమ్ముడంటే నా మొగుడి ఆత్మ ఏటనుకుంటాది?"

"కాదప్పా, మా నాన్నా మీ సిన్నాన్నా..."

"మీ నాన్న సంగతి నాకు సెప్పకు. ఆయన్ని ఎత్తుకున్నాను నేను!"

పోతురాజుగారి నాన్న మామ్మ కంటే కనీసం పాతికేళ్ళు పెద్ద. అయినా ఆ మాట ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అప్పటికే బంతి రెండుగా చీలిపోయింది. ఓ పక్క బావ అనేవాళ్ళు, ఓ పక్క తమ్ముడనేవాళ్ళు. తాతల పేర్లు, ముత్తాతల పేర్లు, ఎవరు ఎవర్ని చేసుకున్నారో, ఎవరు చేసుకోబోయి మానేశారో అన్నీ బయటికొచ్చాయి. ఆఖరికి పర్లాకిమిడిలో ఉన్న ఓ ముసలావిడకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆవిడ సగం ఒరియాలో, సగం తెలుగులో ఆలోచించి, ఇద్దరూ తనకి మనవలే అవుతారని తేల్చింది. దాంతో తగువు ఇంకా ముదిరింది. మామిడిచెట్ల వెనకనుంచి ఎల్లాజీ తాత దగ్గాడు. మామ్మ వెంటనే, "సరే, బావే! బావవైతే మరదల్ని ఆకు ముందు కూకోబెట్టి సూస్తావేటి? లెగు, వడ్డించు" అంది. బంతి అంతా ఘొల్లున నవ్వింది. మాజీ సర్పంచిగారు పంచె ఎగ్గట్టి, దప్పలం బకెట్టు అందుకుని ఆ చివరిదాకా వడ్డించాడు. అలా వడ్డిస్తుంటే ఆయన కూడా నవ్వడం అదే మొదటిసారి చూశామని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు.

రోజులు మారాయి, బఫేలు వచ్చాయి. అరసవల్లిలో గుడికెళ్ళే దారిలో మా చుట్టం ధనరాజ్ కొత్తగా లాడ్జి కట్టి, ప్రారంభోత్సవానికి పిలిచాడు. ఇంక మామ్మ ఆట కట్టిందని నాన్న సంబరపడ్డాడు. బంతే లేకపోతే బంతిలో తగువెక్కడిది?

"అమ్మా, ఇక్కడ పళ్ళెం పట్టుకుని నిలబడి తినాల" అన్నాడు నాన్న.

"నిలబడి తిండానికి నానేటి గేదెనా? గేదైనా తిన్నాక తొంగుంటాది" అంది మామ్మ. "ఒరే ధనరాజూ! లాడ్జీ కట్టినావు, అందులో మంచాలు లేవేటిరా?"

ఉన్నాయి. ఆ మంచాలే ముంచాయి. పై అంతస్తు గదుల్లోంచి ఒక్కొక్క మంచమూ కిందికి దింపించింది. మెట్ల మలుపులో ఓ మంచం ఇరుక్కుంటే అది బయటికొచ్చేదాకా పలావు గరిటె ఎవర్నీ ముట్టనివ్వలేదు. వరసగా మంచాలు వేయించి, వాటి మీద జనాన్ని కూచోబెట్టి, బఫేని బంతి చేసింది. సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చి, ఆ పొద్దున్నే మొదటి బేరంగా గది తీసుకున్న దంపతులెవరో గుడినుంచి తిరిగొచ్చేసరికి వాళ్ళ మంచం లేదు. వెతుక్కుంటూ కిందికి వచ్చి, మంచం దొరికాక దానిమీదే కూచుని భోంచేసి వెళ్ళారు.

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకి కూడా మామ్మ బాగా తెలుసు. ఆవిడ చెయ్యి ఊపుతూ గొంతెత్తిన చోటల్లా సన్నాయి పాట కలిపేసేవాళ్ళు. మా చుట్టాల పెళ్ళి వీడియోలు ఏవి చూసినా, రెండో బంతిలో ఓ చిన్న ముసలావిడ అందరినీ దీవిస్తున్నట్టే ఉంటుంది.

ప్రతి విందు మర్నాడూ అమ్మ ఆ ఇంటికి వెళ్ళేది. "మా అత్త మాటలేం మనసులో పెట్టుకోకండి" అని తన చిన్న గొంతుతో చెప్పుకునేది. ఆ ఇంటావిడ అమ్మ చేతులు పట్టుకుని, "ఒలమ్మా, మీ అత్త నోరు సల్లగుండాల" అనేది. పైగా కారియర్ నిండా బూరెలు సర్ది పంపేది. జనం ఎంత మంచివాళ్ళో అని అమ్మ కళ్ళు తుడుచుకునేది. నాకు మాత్రం అర్థం కాని సంగతి ఒకటుండేది. ఇంత తగువులమారిని ఎవరైనా పిలవడం మానెయ్యాలి కదా! శుభలేఖలు పంచడానికి బయల్దేరినవాళ్ళు దేవుడి దగ్గర ఒకటి పెట్టి, రెండోది తిన్నగా తెచ్చి మామ్మ చేతిలో పెట్టేవాళ్ళు. మగాళ్ళు నసిగినా ఆడవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకునే కాలంలో కూడా మామ్మకి మాత్రం ఇంటికొచ్చి మరీ పిలుపు.

ఇక తగువు జరగని ఆ ఒక్క సందర్భం నా పెళ్ళి. విజయనగరంలో ఫంక్షన్ హాలు. వారం ముందునుంచీ అమ్మకి నిద్రలేదు. ఆఖరికి మామ్మ చేత అరసవల్లి దేవుడి మీద ఒట్టు వేయించుకుంది. "అన్నీ ఉంటే నానేల దెబ్బలాడతానే?" అంది మామ్మ. ఆ రోజు హాలు వెనక వంటల దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, రెండో బంతిలో కూచుని, వడ్డించింది వడ్డించినట్టు తిన్నది. మా అత్తవారి వైపు వాళ్ళు మామ్మ గురించి ముందే విని, దగ్గరగా కుర్చీలు లాక్కుని మరీ కూచున్నారు. పులిహోర అయింది, పెరుగు అయింది, మామ్మ కిక్కురుమనలేదు. జనంలో కంగారు మొదలైంది. ఎవరో బీపీ మిషన్ తెచ్చారు. "బీపీ బాగానే ఉంది" అన్నాడు డాక్టరు చదివే మా ఆడపడుచు కొడుకు. "అయితే గుండె సూడు నాయనా" అంది వెనకనుంచి ఒకావిడ. మామ్మ చెయ్యి కడుక్కుని త్రేన్చి, "ఇక్కడేటున్నాదే దెబ్బలాడ్డానికి?" అని వెళ్ళి పడుకుంది. మా అత్తగారు ఇప్పటికీ ఆ రోజు ఏదో లోటు జరిగిందనే అంటారు.

నిరుడు వేసవిలో మామ్మ పోయింది. మధ్యాహ్నం మాగాయతో అన్నం తిని, "నడుం వాలుస్తాను" అని వాలిన మనిషి మళ్ళీ లేవలేదు. ఎనభై దాటిన మనిషే, బాధ పడకుండానే పోయింది, అయినా నాకు చాలా ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఆ గొంతు లేకపోవడం ఇప్పటికీ నాకు అలవాటు కాలేదు.

పెద్దకర్మకి ఎంతమందికి వండించాలన్న మాట వచ్చింది. నాన్న నిట్టూర్చాడు. "అమ్మ దెబ్బలాడనోళ్ళు ఎవులున్నారని? ఎవులొస్తారు? మన వీధోళ్ళు, దగ్గిరోళ్ళు. అంతే." ఎల్లాజీ తాత కూరలు మాత్రం తన లెక్కన కాస్త ఎక్కువే తరిగించాడు. బియ్యం నాన్న చెప్పిన లెక్కకే కొలిచి పోశాడు.

ఆ రోజు పొద్దున్నుంచే ఆటోలు ఆగడం మొదలైంది. నెల్లిమర్లనుంచి సోములు మావ, ఆయన భార్య బుల్లమ్మత్త, వాళ్ళతో మిల్లు వీధి మొత్తం. శ్రీముఖలింగంనుంచి ఓ వ్యానులో సుభద్రమ్మగారూ, పోతురాజుగారూ, వాళ్ళ బలగం. అరసవల్లినుంచి ధనరాజ్ దంపతులు. నాకు పేర్లు కూడా తెలియని ఊళ్ళనుంచి ఎవరెవరో. ప్రతివాళ్ళూ మామ్మ ఫోటో ముందు నిలబడి కళ్ళు తుడుచుకుని వెళ్ళి కూచుంటున్నారు. నాన్న గుమ్మంలో నిలబడి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బస్సు నిండిపోయాక కూడా జనం ఎక్కుతుంటే చూసే చూపు అది.

మొదటి బంతి లేచింది. రెండో బంతి కూచుంది. విస్తళ్ళలో గారెలు, కూరలు పడ్డాయి. అన్నం ఎందుకు రావడం లేదా అని నేను పెరట్లోకి వెళ్ళాను. ఎల్లాజీ తాత గాడిపొయ్యి ముందు చెమటలు కక్కుతూ మంట ఎగదోస్తున్నాడు.

"ఏటమ్మా, ఇంకా మొదలెట్టలేదేటి?" అన్నాడు నన్ను చూసి.

"ఏం మొదలెట్టాలి తాతా?"

"దెబ్బలాట! అన్నం అయిపోనాది. మొదటి బంతి గుండిగ తుడిసీసింది. ఇప్పుడే మళ్ళీ బియ్యం పోసినాను. ఇది ఉడికీవరకూ ఎవులో ఒకలు దెబ్బలాడాల. దేముడమ్మప్ప ఉండుంటే ఈపాటికి లెగిసీది కదా."

నాకు అర్థం కాలేదు. ఆయన నా ముఖం చూసి, "నీకు తెలవదేటి?" అన్నాడు. ఓ పక్క పుల్లలు తోస్తూనే చెప్పాడు. "అప్పటికి నాను వంటకి కొత్త. ఓ పెళ్ళిలో బియ్యం తక్కువ పోసీసినాను. రెండో బంతి కూకున్నాక సూస్తే గుండిగ ఖాళీ. పొయ్యి కాడ కూకుని ఏడుస్తన్నాను. మీ మామ్మ మంచినీళ్ళకని వచ్చి సూసినాది. 'ఎంతసేపు పడతాదిరా?' అంది. 'అన్నం ఉడికినంత సేపప్పా' అన్నాను. 'అయితే ఏడుపు మాని మంట ఊదు' అనీసి ఎల్లి, మజ్జిగలో కరేపాకు ఏల ఎయ్యలేదని పెళ్ళోరి మీద పడిపోనాది."

"మరి మిగతావన్నీ? సోములు మావ ఇంట్లో ఆకులు?"

"అన్నం సాల్లేదు."

"ముఖలింగంలో బావా, తమ్ముడూ?"

"అన్నం సాల్లేదు. అరసవల్లిలో పలావు సాల్లేదు. సూడమ్మా, అన్నం సాల్లేదన్న మాట ఓపాలి పుట్టిందంటే ఆ ఇంటి మీద పదేళ్ళుంటాది. ఆ ఇంటి పిల్లని ఎక్కడిచ్చినా ఎనకాలే వస్తాది. దేముడమ్మ దెబ్బలాడిందన్న మాట మర్నాటికి పోతాది. ఇంటాడోళ్ళకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవులికీ సెప్పొద్దనీది."

"ప్రతిసారీ అందుకేనా తాతా?"

ఎల్లాజీ తాత ఊదడం ఆపి నవ్వాడు. "అబద్దమేల? కొన్నిసార్లు అన్నం బోల్డుండీది. అయినా లెగిసీది. సరదా."

నా వెనక ఏదో చప్పుడైంది. గారెల పళ్ళెంతో అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ తలవంచుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. "మరి నాను అందరిళ్ళకీ ఎల్లి సెప్పుకున్నాను కదా తాతా" అంది.

"అదే మంచిదనీదమ్మా మీ అత్త. 'నా కోడలెల్లి అలగ బతిమాల్తంటే దెబ్బలాట నిజమని అందరూ నమ్ముతారు, దాన్ని ఆపకు' అనీది."

అమ్మకి నవ్వూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కానీ నిలబడి ఏడ్చే వ్యవధి లేదు. అవతల బంతిలో జనం విస్తళ్ళు చూసుకుంటున్నారు. గారెలు తినడం అయిపోయింది. ఎవరో "అన్నం?" అన్నారు. ఇంతమంది ఇళ్ళల్లో అన్నం చాల్లేదన్న మాట రాకుండా చూసిన మనిషి పేరు మీద, ఆవిడ సొంత పెద్దకర్మనాడు ఆ మాట పుట్టబోతోంది. నాన్నకి చెబితే కంగారుపడి తనే అందరిలో చెప్పేస్తాడు. నేను వెళదామనుకున్నాను. దేని మీద తగువు పెట్టాలో తోచలేదు. అమ్మ గారెల పళ్ళెం నా చేతిలో పెట్టింది. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకుని బంతిలోకి నడిచింది.

రెండు వరసల మధ్య నిలబడి "ఆగండి" అంది. ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అంది. పక్కనున్నాయన మంచినీళ్ళు అడుగుతోందేమోనని గ్లాసు అందించాడు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నరసింగరావూ!"

బంతి మొత్తం బిగుసుకుపోయింది. భార్య నోట తన పేరు పెళ్ళయ్యాక మొదటిసారి విన్న నాన్న చేతిలోని నీళ్ళ జగ్గు జారవిడిచాడు. అమ్మ కూడా కాసేపు బిత్తరపోయి, తేరుకుంది. "మీ అమ్మకి గారెలిష్టమని ఎవులు సెప్పినారు? అత్తకి బూరెలిష్టం. బూరెలేవీ?"

"నువ్వే కదే గారెలెయ్యమన్నావు?" అన్నాడు నాన్న నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

"నానంటే నువ్వేల విన్నావు? ఎప్పుడైనా విన్నావేటి, ఇప్పుడు విండానికి?"

బంతి మధ్యలో సుభద్రమ్మగారు అమ్మ ముఖం వైపు పట్టిపట్టి చూసింది. పెరట్లోంచి లేస్తున్న పొగ వైపు చూసింది. చీర సర్దుకుని లేచి నిలబడింది. "అలగడుగు పద్మా! దేముడమ్మ పేరు సెప్పి బూరెలు లేకుండా మాకు కూడెలగ పెడతావు నరసింగరావూ?"

ఎదురు వరసలో బుల్లమ్మత్త వెంటనే లేచింది. "బూరెలు కాదు, గారెలే! ఆయమ్మ మా ఇంట్లో గారెలే తిన్నాది. నువ్వెవులివి సెప్పడానికి?" తగువు సాగాలంటే రెండో పక్షం కావాలని ఆవిడకి తెలుసు. ధనరాజ్ భార్య జిలేబీ అంటూ మూడో పక్షం తీసింది. ఇంకో ఇద్దరు లేచారు, ఆ మూల ఇంకొకావిడ. అంతా మొహాలు గంటు పెట్టుకుని అరుస్తూనే, మధ్యమధ్య ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకుంటున్నారు. మామ్మ ఆ సాయం తన ఒక్కదానికే చేసిందని ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు అనుకున్నారు. సుభద్రమ్మగారి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం బూరెల దగ్గరే ఉంది. తగువు తీర్చబోయి పోతురాజుగారు లేస్తే, "నువ్వు కూకో అన్నా, నీకు తెలవదు" అని పంచె పట్టి లాగి కూలేసింది.

ఎల్లాజీ తాత గుమ్మంలోకి వచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వెనక అన్నం గంపలు పొగలు కక్కుతూ వచ్చాయి. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కూచున్నారు. అమ్మ ఒక్కతే కూచోలేదు. బూరెలు దాటి, ఎప్పుడో పుట్టింట్లో దింపుతానని నాన్న బస్సెక్కించి, మధ్యలో డ్యూటీ మారి తనని డిపోలో వదిలేసిన సంగతి దగ్గరుంది.

"అమ్మా, అన్నం వచ్చింది" అన్నాను చెయ్యి లాగుతూ.

"ఉండవే! ఇంకా ఉన్నాది" అంది అమ్మ.

బలవంతాన తీసుకొచ్చి అరుగు మీద కూచోబెట్టాను. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, మనిషి పదేళ్ళు చిన్నదైనట్టుంది. బంతిలో గరిటెల చప్పుడు, నవ్వులు. దప్పలం బాగుందని ఎవరో కేకేసి మరీ అడిగి వేయించుకుంటున్నారు. నాన్న గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, కాస్త దూరంలోనే ఆగాడు.

"మా అమ్మ పూనినాదేటే నీకు?" అన్నాడు. అమ్మ నీళ్ళు తాగింది. నాన్న ఇంకో అడుగు వెనక్కి వేసి, "అంతా అయిపోనాదా?" అని అడిగాడు.

"మూడో బంతి ఉన్నాది కదా" అంది అమ్మ.

మూడో బంతికి అన్నం పుష్కలంగా ఉంది. అయినా అమ్మ లేచింది.